అడిగి పోసే పెద్దవ్వ

మొన్న ఒక విశ్రాంత ఉపాధ్యాయుని శవాన్ని మెడికల్ కాలేజీకి అప్పగిస్తుంటే చూశాను. వరండాలో బల్ల మీద ఆయన్ను పడుకోబెట్టారు. తండ్రి రాసిపెట్టిన కాగితం కొడుకు ఇచ్చాడు. కాలేజీ పెద్దాయన దాన్ని చదివి, కళ్ళద్దాలు తీసి, "మీ అందరికీ సమ్మతమేనా?" అని అడిగాడు. భార్య తలూపింది. కూతురు, "నాన్న కోరికే అది" అంది. అప్పుడు ఆయన శవం మీది శాలువా తీసి, మడత పెట్టి, భార్య చేతికిచ్చాడు. ఎవరో ఫొటో తీశారు.

పక్కనున్న మిత్రుడు, "ఎంత గౌరవంగా చేశారండీ!" అన్నాడు. అవునన్నాను. కాని నా చూపు ఆ శాలువా మడత మీదే ఉండిపోయింది. అట్లాగే శవం మీద నుంచి తీసి మడత పెట్టిన ఇంకో గుడ్డ గుర్తుకొచ్చింది. ఆకుపచ్చ అంచున్న ముతక నేత చీర అది. ఆ చీర ఎవరి మీద కప్పారో ఆమె లక్సెట్టిపేట రేవులో చాయ్ అమ్మేది.

ఆమె పేరు నాకు తెలియదు. రేవులో అందరికీ పెద్దవ్వ. మా ప్రాంతం ఆంధ్రప్రదేశ్‌లో కలిసిన కొత్తలో నేను కరీంనగర్‌లో ఉండి ఒక దినపత్రికకు వార్తలు పంపేవాణ్ని. ఆదిలాబాద్ జిల్లా కూడా నా నెత్తినే ఉండేది. అటు పోవాలంటే గోదావరి దాటాలి. ఇవతలి ఒడ్డున బస్సు దింపేస్తుంది. పడవ నిండేదాకా పడవ నడిపే ఆయన గెడ ముట్టడు. అవతలి ఒడ్డెక్కాక మళ్ళీ బస్సు కోసం కాచుకోవాలి. ఆ కాచుకునే చోట, తాటాకుల కప్పు కింద, పెద్దవ్వ చాయ్ పొయ్యి ఉండేది.

ఆ రేవు దాటినవాళ్ళెవరూ ఆమె చాయ్ పోసే తీరును మరిచిపోరు. గ్లాసు కడిగి మన ముందు పెట్టేది. కెటిల్ ఎత్తి, మూతి గ్లాసు అంచు దాకా వంచి, అక్కడ ఆపేది. ఇంకొంచెం వంచితే చాయ్ పడుతుంది. కాని వంచదు. మన ముఖంలోకి చూసి, కనుబొమలు పైకెత్తి అడిగేది.

"పొయ్యాల్నా?"

పొయ్యి అనేదాకా పొయ్యదు. తలూపితే చాలదు. నోటితో అనాలి.

కొత్తవాళ్ళు విసుక్కునేవాళ్ళు. ఒకసారి ఒక వ్యాపారి, మంచిర్యాల పోయే బస్సు వచ్చేస్తుందన్న తొందరలో, "చాయ్ కోసమే గదా పెద్దవ్వా కూసున్న. ఇంక అడుగుడేంది?" అన్నాడు.

"కూసున్నోళ్లంత చాయ్ కోసమే కూసుంటరా? కాళ్లు గుంజితె గూడ కూసుంటరు. పొయ్యాల్నా?"

"పొయ్యి తల్లీ, పొయ్యి!"

"గా మాట ముందుగాలనే అంటె నీ బస్సు నీకు దొరుకుతుండె."

ఇంకోసారి తాలూకా కచేరీ పెద్ద అధికారి వచ్చాడు. బంట్రోతు ముందు పరుగెత్తి వచ్చి, సాబ్‌కు జల్ది పొయ్యమన్నాడు. పెద్దవ్వ కెటిల్ వంచి పట్టుకుని అధికారి వైపే చూస్తూ, "సాబ్‌కు నోరు లేదా బిడ్డా?" అంది. బంట్రోతు ముఖం మాడిపోయింది. అధికారి నవ్వి, తానే, "పొయ్యమ్మా" అన్నాడు. ఆ తర్వాత ఆయన ఆ దారిన ఎప్పుడు పోయినా అక్కడ ఆగి, నోరారా ఆ మాట అని, చాయ్ తాగి పోయేవాడు.

అడగడం ఆమెకు చాయ్‌తోనే ఆగలేదు. తల్లి చంకలో ఉన్న పసిబిడ్డను ఎత్తుకోవాలంటే చేతులు చాచి బిడ్డనే అడిగేది. వాడు ముఖం తిప్పుకుంటే ఎత్తుకునేది కాదు. ఆమెకొక మేక ఉండేది. దాన్ని గుంజకు కట్టే ముందు, "ఉంటవా? జర సేపు తిరిగొస్తవా?" అనేది. మేక ఏమనేదో గాని, చాలాసార్లు తిరిగే వచ్చేది.

ఒక మధ్యాహ్నం పడవ నిండలేదు, బస్సు రాలేదు. ఎందుకింత పట్టుదల అని అడిగాను. ఆమె బూడిదతో గ్లాసులు తోముతోంది. తోముతూనే చెప్పింది.

"నన్నెవ్వలడిగిన్రు సారూ? నిద్రల లేపి పెండ్లి పీటల మీద కూసోబెట్టిన్రు, అడగలె. ఆయన పోతె గాజులు పలగ్గొట్టిన్రు, అడగలె. పిల్లజెల్ల లేదు, నీకీడ ఏం పని అని అత్తగారోళ్లు ఎల్లగొట్టిన్రు. ఉంటవా పోతవా అని ఒక్క మాట అడగలె. గందుకే నేనడుగుత. అడిగినప్పుడు మనిషి ముఖం సూడు, ఎట్ల ఎలుగుతదో. చాయ్ కంటె ముందు గదే తాగుతడు."

ఆమెకు రక్తసంబంధీకులెవరూ మిగల్లేదు. నేస్తం మాత్రం ఉంది. చిన్నప్పుడు ఒకే ఊళ్ళో బతుకమ్మ ఆడుతూ ఇద్దరూ నేస్తం కట్టుకున్నారు. మా వైపు నేస్తం కట్టుకోవడమంటే ఉట్టి స్నేహం కాదు. బతుకమ్మ ముందు కొత్త గుడ్డలు, సత్తుపిండి ఇచ్చి పుచ్చుకుంటారు. ఆనాటి నుంచి ఒకరి పేరు ఒకరు పలకరు. "నేస్తం" అనే పిలుచుకుంటారు. మంచికీ చెడ్డకూ చుట్టాల కంటే ముందు వస్తారు. ఒకరు పోతే రెండోవారు కొత్త చీర తెచ్చి కప్పుతారు. ఆ నేస్తం లక్సెట్టిపేటలో నేతపని వాళ్ళ ఇంటికి కోడలై వచ్చింది. అత్తగారింటి నుంచి వెళ్ళగొట్టిన నాడు పెద్దవ్వ ఈమెను వెతుక్కుంటూ వచ్చి, ఆ రేవులోనే నిలబడిపోయింది. నేస్తం సన్నగా, పొడుగ్గా, తక్కువ మాటల మనిషి. మధ్యాహ్నం పూట కండెలు చుట్టే పని ముగించుకుని వచ్చి పొయ్యి పక్కన కూర్చునేది. ఆమెకు కూడా పెద్దవ్వ అడగందే చాయ్ పోసేది కాదు.

అసలు సంగతి ఒక కుర్ర డాక్టరుతో మొదలైంది. కోస్తా నుంచి ఆ తాలూకా దవాఖానకు కొత్తగా వచ్చాడు. మంచివాడు, మాటకారి. ఒకరోజు చాయ్ తాగుతూ తన చదువు సంగతులు చెబుతున్నాడు. నేనూ, నేస్తమూ అక్కడే ఉన్నాం.

"మొదటి ఏడాది మాకిచ్చిన శవం ఒక ముసలమ్మది. ఆమె చేతి నరాలు చూసే నేను పని నేర్చుకున్నాను" అన్నాడు.

"ఆమె ఎవలు?" అంది పెద్దవ్వ.

"ఎవరో. ఆసుపత్రిలో చనిపోయింది. ఎవరూ రాలేదు. అట్లాంటివాళ్ళనే కాలేజీకి పంపుతారు."

"ఇస్తనన్నదా?"

"ఎవరు?"

"ఆమెనే. నన్ను తీస్కోన్రి, సదువుకోన్రి అన్నదా?"

డాక్టరు నవ్వాడు. "చనిపోయినామెను ఎట్లా అడుగుతాం పెద్దమ్మా?"

"సచ్చినంక గాదు. మంచం మీద ఉన్ననాడు అడగాలె. నోరున్ననాడు అడగాలె."

డాక్టరు గ్లాసు చేతిలో తిప్పుతూ కూర్చున్నాడు. "అడిగితే మాత్రం ఎవరిస్తారు?" అన్నాడు.

పెద్దవ్వ పొయ్యి ఊదుతోంది. తల తిప్పకుండానే, "నేనిస్త" అంది.

నేస్తం ఉలిక్కిపడింది. "నోరు మూసుకో నేస్తం. గవేం మాటలు?"

"మంచి మాటలే. పుట్టినకాడికెల్లి నన్నెవ్వలడగలె. అడగకముందే నేనే ఇస్తె ఎట్లుంటదో సూస్త. గా ముసలవ్వ ఇయ్యకుంట పోయింది. నేను ఇచ్చి పోత."

మాట అని ఊరుకునే మనిషి కాదు. నేను పడవ ఎక్కబోతుంటే వెంట వచ్చింది. "పేపరు సారూ, నువ్వు వకీళ్లతోని తిరుగుతవు గదా. గిట్ల ఇయ్యాలంటె కానూన్ ఏమంటదో అడిగి చెప్పు."

కరీంనగర్‌లో నాకు తెలిసిన ఒక పెద్ద వకీలు ఉండేవాడు. నవాబు కాలం నుంచి కోర్టులో ఉన్న మనిషి. చెబితే నవ్వుతాడనుకున్నాను. నవ్వలేదు. పాన్ నమలడం ఆపి విన్నాడు.

"ఇల్లుంటె వీలునామా రాస్తరు. పొలముంటె రాస్తరు. శవం సొత్తు గాదయ్యా. అది ఇచ్చే హక్కు ఎవనికీ లేదు, దాంట్ల ఉన్న మనిషికి గూడ లేదు" అన్నాడు. "కర్మ చేసే హక్కు దగ్గరి చుట్టాలకుంటది. దవాఖానల పోయి, గడువులోపల చుట్టాలెవ్వలు రాకుంటె, కాలేజీకి పంపొచ్చు. గంతే ఉన్నది కానూన్."

"ఆమె ఒక కాగితం రాసిస్తే?"

"గా కాయిదం పట్టుకోని ఎవడో ఒకడు రావాలె గదా? వచ్చినోడు ఆమె మనిషే అయితడు. మనిషి ఉన్నడంటె ఆమె దిక్కులేనిది గాదు. మల్ల కానూన్ చెల్లది." ఆయన పాన్ డబ్బా మూసి, కొంచెం జాలిగానే అన్నాడు. "పిచ్చి ముసల్ది. ఇచ్చేటోళ్లు ఉంటరని కానూన్ రాసినోళ్లకు తట్టలేదు."

ఈ మాటలన్నీ రేవుకు పోయి చెప్పాను. పెద్దవ్వ కొంగుతో కెటిల్ తుడుస్తూ వింది.

"అంటె, నేనిస్తనన్న మాటకు కానూన్ల జాగ లేదు."

"లేదు."

"నాకెవ్వల్లేకుంటె మాత్రం తీస్కపోతరు."

"అవును."

కెటిల్ పొయ్యి మీద పెట్టి గోదావరి వైపు చూసింది. తర్వాత, పడవలో చోటు లేదంటే ఇసుకలో నడిచి పోదామన్నంత తేలిగ్గా అంది. "సరే తియ్యి. ఎవ్వల్లేనిదాన్నయి పోత. ఎట్ల పోతేంది, ఇచ్చింది నేనని నాకెర్కుంటది. మీరంత మాత్రం జర గట్టిగుండాలె."

అప్పటి నుంచి రేవులో ఒక వింత ఆట మొదలైంది. చాయ్ తాగిన ప్రతివాడూ, ఆమె పోయిన రోజున ఆమె ఎవరో తెలియదని చెప్పాలి. అది ఎట్లా చెప్పాలో ఆమే నేర్పేది. పొయ్యి కట్టె ఒకటి లాఠీలా చంకలో పెట్టుకుని, గొంతు మార్చి, పోలీసు జమేదారు అయిపోయేది.

"ఏయ్, గీ ముసల్ది నీకేమైతది?"

పడవ నడిపే ఆయన చేతులు కట్టుకుని, "నాకేం గాదు సర్కార్. మంచి చాయ్ పోస్తుండె, గంతే" అన్నాడు.

"మంచి చాయ్ అని నీకెట్ల ఎర్క? దొరికినవ్! మల్ల చెప్పు."

"నాకు తెల్వది సర్కార్."

"తెల్వదంటె నవ్వుతవేంది? దొంగముఖపోడా. మల్ల చెప్పు."

అందరూ విరగబడి నవ్వేవాళ్ళు. బస్సు కండక్టరుకు ఈ పరీక్ష పెట్టింది. కుర్ర డాక్టరుకూ పెట్టింది. నాకూ పెట్టింది. "పేపరోళ్లకు అబద్ధం ఆడుడు మస్తు అలవాటు. నువ్వు ఒక్కపారిల నెగ్గినవ్" అని పాస్ చేసింది.

నెగ్గనిది నేస్తం ఒక్కతే. లాఠీ తన వైపు తిరగ్గానే కొంగు నోట్లో కుక్కుకునేది. నవ్వో ఏడుపో తెలిసేది కాదు. "నాతోని గాదు నేస్తం" అని లేచి పోయేది. పెద్దవ్వ వదల్లేదు. ఒకనాడు చెయ్యి పట్టుకుని కూర్చోబెట్టి అడిగింది. నేస్తం ఆమె ముఖం చూడకుండా, నీళ్ళ వైపు చూస్తూ, "గామె ఎవలో నాకెర్కలేదు" అంది. అందరం చప్పట్లు కొట్టాం. పెద్దవ్వ కూడా కొట్టింది. కాని ఆ సాయంత్రం దాకా వాళ్ళిద్దరూ ఒకరితో ఒకరు మాట్లాడుకోలేదు. పెద్దవ్వ కెటిల్ వంచి అడిగితే నేస్తం పొయ్యమని అనలేదు. ఆ గ్లాసు అట్లాగే ఖాళీగా ఉండిపోయింది.

ఆమెకు కాళ్ళ వాపు మొదలైంది. తర్వాత ఆయాసం. కుర్ర డాక్టరు మందులిచ్చాడు గాని, గుండె బాగాలేదని నాతో చెప్పాడు. ఒక ఉదయం పెద్దవ్వ కెటిల్‌నూ మేకనూ నేస్తానికి అప్పగించి, ఒంటరిగా కరీంనగర్ సర్కారు దవాఖానకు బయల్దేరింది. దవాఖానలో చనిపోతేనే కానూన్ వర్తిస్తుందని ఆమెకు గుర్తుంది. పడవ నడిపే ఆయన తర్వాత నాతో అన్నాడు.

"పడవెక్కి కూసున్నది సారూ. కిరాయి అడగాల్నా వద్దా అని పరేషానైన. ఎవలనో అడిగినట్టే అడుగుమన్నది. అడిగిన. ఇచ్చి దిగిపోయింది. ఎనుకకు తిరిగి సూడలె."

కలరా టీకాల వార్త కోసం ఆ దవాఖానకు పోయినప్పుడు ఆడవాళ్ళ వార్డు వరండాలో ఆమెను చూశాను. గోడవార మంచం. ఆయా గంజి పోయబోతోంది. పెద్దవ్వ గ్లాసు మీద అరచెయ్యి అడ్డం పెట్టింది.

"అడిగి పొయ్యి బిడ్డా."

"నీకు నఖ్రాలెక్కువ" అని ఆయా నవ్వింది. "పొయ్యాల్నా?"

"పొయ్యి."

అప్పుడు నన్ను చూసింది. నా కాళ్ళు ఆగిపోయాయి. ఆమె కళ్ళు మాత్రం రవ్వంత కూడా మెదలలేదు. ఆయాతో గట్టిగా అంది.

"గాయినెవలు? గుడ్లప్పగించి సూస్తుండు."

"పేపరాయన."

"పేపరాయనకు ఆడోళ్ల వార్డుల ఏం పని? పొమ్మను."

నేను కదిలాను. రెండడుగులు వేసి తిరిగి చూడకుండా ఉండలేకపోయాను. ఆయా అటు తిరిగి పక్క మంచానికి గంజి పోస్తోంది. పెద్దవ్వ మంచం మీద నుంచే చెయ్యి ఎత్తి, లేని కెటిల్‌ను వంచి పట్టుకుంది. కనుబొమలు ఎత్తింది. నేను చప్పుడు లేకుండా పెదాలతో, "పొయ్యి" అన్నాను. ఆమె ముఖం వెలిగింది. ఆ తర్వాత ఆమెను ప్రాణంతో చూడలేదు.

ఆమె పోయిందని ఆయా చెప్పింది. శవం కోసం ఎవరూ రాలేదు. గడువు దాటితే కాలేజీ మోటారు వస్తుంది. అనుకున్నదంతా అనుకున్నట్టే జరుగుతోంది. మోటారు వచ్చే పొద్దున నేను దవాఖాన వెనక ఉన్న శవాల గది దగ్గరికి వెళ్ళాను. దూరంగా నిలబడి సాగనంపుదామనుకున్నాను.

గది ముందు నిజమైన జమేదారు తిరుగుతున్నాడు. రిటైరు కావడానికి దగ్గరపడ్డ మనిషి, తెల్లమీసాలు. నన్ను గుర్తుపట్టి దగ్గరికొచ్చాడు.

"మీరే చెప్పున్రి సార్. ఎవ్వల్లేరని రాసి పెట్టిన. ఇప్పుడు తలుపు తీస్తె కొత్త చీర కప్పి ఉన్నది. దిక్కులేని శవానికి కొత్త చీర యాడిది సార్?"

గోడవార నేస్తం కూర్చుని ఉంది. బస్సు కండక్టరు రేవులో కబురు చెప్పాడట. ఆమె మాట తప్పాలని రాలేదు. ఆయాను బతిమాలి లోపలికి పోయి, తన ఇంటి మగ్గం మీద నేసిన చీర కప్పి, ఎవరికీ కనబడకుండా వెళ్ళిపోదామనుకుంది. చీర కప్పకుండా నేస్తాన్ని పంపడమన్నది ఆమె ఊహకు అందలేదు. పెద్దవ్వ అన్ని జాగ్రత్తలూ చెప్పింది గాని, చీర సంగతి ఆమెకు కూడా తట్టలేదు. గేటు దాటబోతుంటే జమేదారు ఆపాడు.

ఆయన ఆమె ముందు గొంతుక్కూర్చున్నాడు. లాఠీ పక్కన పెట్టాడు. "భయపడకమ్మా. చీర నువ్వే కప్పినవు గదా? ఆమె నీకేమైతది?"

రేవులో అంతమంది నవ్వుల మధ్య పెద్దవ్వ అడిగిన ప్రశ్నే. నేస్తం దూరంగా చూసింది. ఇక్కడ చూడ్డానికి గోదావరి లేదు, దవాఖాన గోడ ఉంది. "గామె ఎవలో నాకు..." అంది. ఆగింది. మళ్ళీ మొదలుపెట్టింది. మళ్ళీ ఆగింది. చివరికి గది తలుపు వైపు చూసి ఒక్క మాట అంది.

"నేస్తం."

అది జమేదారుతో చెప్పిన మాట కాదు. పిలుపు.

ఆయన టోపీ తీసేశాడు. "నేస్తమా! మా అవ్వకు గూడ నేస్తముండె. అవ్వ పోయిన్నాడు మా మేనమామల కంటె ముందు చీర తెచ్చింది ఆమెనే." లేచి నిలబడి నాతో అన్నాడు. "కానూన్ల నేస్తం అని లేదు సార్, నాకెర్కే. దగ్గరి చుట్టాలని ఉన్నది. కాని నేస్తం కంటె దగ్గరి చుట్టమెవలు? నేను చుట్టమనే రాస్త. శవాన్ని గీ అమ్మకు ఇచ్చేస్త."

నేను జరిగినదంతా చెప్పాను. చాయ్, కుర్ర డాక్టరు, ఇస్తానన్న మాట, వకీలు, రేవులో ఆట, అన్నీ. ఆయన ఓపికగా విన్నాడు.

"ఇస్తనన్నదా?" అన్నాడు. "మరి ఇస్తనన్నోళ్లను తీస్కొనే కానూన్ లేదు గద సార్. ఎవ్వల్లేనోళ్లనే తీస్కుంటరు. గీమెకు మనిషి ఉన్నది. నా కండ్ల ముందట ఏడుస్తున్నది. ఉన్నదాన్ని లేదని ఎట్ల రాయాలె?" తర్వాత గొంతు తగ్గించాడు. "రాసి కోతకు పంపి, ఇంటికి పోయి నేను బువ్వెట్ల తినాలె?"

అప్పుడు నేస్తానికి అర్థమైంది తానేం చేసిందో. గబగబా లేచి లోపలికి పోయింది. పెద్దవ్వ మీది చీర లాగి, గుండెకు ఆనించి మడత పెట్టింది. అంచులు కలవడం లేదు. ఎట్లాగో మడత పెట్టి చంకలో పెట్టుకుని బయటికొచ్చింది.

"ఇగో అయ్యా, చీర నాది. నేను తీస్కపోతున్న. నేను తప్పు చెప్పిన. ఆమె నాకేం గాదు. ఆమెకెవ్వల్లేరు. ఎవ్వల్లేరని రాస్కోన్రి. బాంచెన్, రాస్కోన్రి."

ముఖమంతా కన్నీళ్ళు. ఆ ముఖంతో ఆ మాట చెబితే నమ్మేవాడెవడు? దహనం ఖర్చుకు భయపడి అట్లా అంటోందనుకున్నాడు జమేదారు. "కట్టెలకు ఫికర్ చెయ్యకమ్మా. మేమున్నం" అని, ఆమె చంకలోంచి చీర మెల్లగా తీసుకుని లోపలికి పోయి, తానే మళ్ళీ కప్పాడు. బయటికొచ్చి అటు తిరిగి ముక్కు తుడుచుకున్నాడు.

నా ఉద్యోగంలో చాలామంది అధికార్లను చూశాను. అడ్డం పడేవాడు దుర్మార్గుడైతే వాదించవచ్చు, పై వాడి దగ్గరికి పోవచ్చు, రేపు పేపర్లో రాస్తానని బెదిరించవచ్చు. ఆ తెల్లమీసాల మనిషి మంచితనం ముందు నా దగ్గర ఏమీ లేకపోయింది. కానూన్ ఆమెను తీసుకునేదే. దాన్ని పక్కకు నెట్టి ఆయన దయ చూపాడు. కాలేజీ మోటారు వచ్చి ఖాళీగా వెళ్ళిపోయింది.

ఊరి పక్కనే ఉన్న మానేరు ఏటి ఒడ్డున దహనం చేశారు. పోలీసులు ఇద్దరు పాడె పట్టారు. ఆయా వచ్చింది. మధ్యాహ్నం బస్సులో రేవు మనుషులు దిగారు. పడవ ఆపేసి పడవ నడిపే ఆయన వచ్చాడు. కండక్టరు వచ్చాడు. కుర్ర డాక్టరు వచ్చి అందరికంటే వెనక నిలబడ్డాడు. ఆమె ఎవరో తెలియదని చెప్పడం నేర్చుకున్నవాళ్ళందరూ అక్కడే ఉన్నారు. ఎవరూ ఒకరి ముఖం ఒకరు చూసుకోలేదు.

తర్వాతి కాలంలో కానూన్ మారింది. ఇస్తానన్న మాటకు దాంట్లో జాగ దొరికింది. మొన్న ఆ కాలేజీ పెద్దాయన చదివిన కాగితం, "ఇస్తనన్నదా?" అని పెద్దవ్వ ఆ కుర్ర డాక్టరును అడిగిన ప్రశ్నకు జవాబే. అది చూడడానికి ఆమె లేదు.

దహనమైన మూడోనాడు పిట్టకు పెట్టడానికి మళ్ళీ మానేరు ఒడ్డుకు పోయాం. పోయినవాళ్ళకు ఇష్టమైనవన్నీ అక్కడ కాకులకు పెట్టాలి. పడవ నడిపే ఆయన రేవు నుంచి కెటిల్ తెచ్చాడు. రాళ్ళ పొయ్యి మీద చాయ్ కాచారు. బూడిద పక్కన ఇసుకలో నేస్తం ఒక గ్లాసు కడిగి పెట్టింది. కెటిల్ ఎత్తి, మూతి గ్లాసు అంచు దాకా వంచి, అక్కడ ఆపింది.

"పొయ్యాల్నా నేస్తం?"

అందరం నిలబడి ఉన్నాం. పొయ్యి అని మాలో ఎవరమైనా అనవచ్చు. కాని అది మేం అనవలసిన మాట కాదు. నేస్తం కెటిల్ అట్లాగే వంచి పట్టుకుని చాలాసేపు చూసింది. చెయ్యి బరువెక్కింది. చివరికి, జవాబు లేకుండానే పోసింది.